సైకిల్ సందేహాలు: ఈసారి క్రిటీరియం పందేలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా క్రిటీరియం గురించే. ఈ పందెం ఎప్పుడూ చూడనివారికి రెండు ముక్కలు. రోడ్డు మూసేసి, ఎక్కువగా ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల లోపు చుట్టు ఒకటి కట్టి, అందులోనే అరగంట నుంచి గంట దాకా తిరుగుతారు. సమయం దగ్గరపడ్డాక మిగిలిన ల్యాపులెన్నో బోర్డు మీద చూపిస్తారు. ఆఖరి ల్యాపుకు గంట మోగుతుంది. మధ్యలో కొన్ని ల్యాపులకు విడిగా బహుమతి ఉంటుంది, దాన్ని ప్రీమ్ అంటారు. బాగా వెనకబడినవాళ్లను, ల్యాపు కోల్పోయినవాళ్లను రిఫరీలు చాలాచోట్ల పందెం నుంచి తప్పిస్తారు.

ప్రశ్న: నా బరువు 72 కిలోలు. ఎఫ్‌టీపీ, అంటే సుమారు గంటసేపు నిలపగలిగే గరిష్ఠ శక్తి, 270 వాట్లు. మేం తొక్కేది ఒక కిలోమీటరు చుట్టు, నాలుగు మలుపులు, 40 నిమిషాల పందెం. ప్రతిసారీ పదిహేను ఇరవై నిమిషాలకే గుంపు నుంచి తెగిపోతున్నాను. ఇంటికొచ్చి పవర్ మీటర్ ఫైలు తెరిస్తే సగటు 215 వాట్లే కనిపిస్తోంది. మామూలు రోజుల్లో 215 దగ్గర రెండు గంటలు తొక్కుతాను. మరి ఇక్కడ ఎందుకు చచ్చిపోతున్నాను?

జవాబు: గుంపులో మీరు ఎక్కడ ఉంటున్నారో రాయలేదు. ఫైలు చూస్తే మాత్రం తోక దగ్గరే ఉంటున్నారనిపిస్తోంది.

మలుపులోకి మొదట దిగే ఐదారుగురికి ఎదుట ఎవరూ ఉండరు. తమకు నచ్చిన దారిలో, దాదాపు బ్రేకు ముట్టకుండా తిరిగేస్తారు. గంటకు 42 కిలోమీటర్ల వేగంతో వస్తే 38కి తగ్గి మళ్లీ 42కి వెళ్తారు. వాళ్ల వెనకవాళ్లు కాస్త బ్రేకు వేస్తారు, ఆ వెనకవాళ్లు ఇంకాస్త. ముప్పయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి వేగం 28కి పడిపోతుంది. అతను మలుపు దాటేసరికి ముందున్నవాళ్లు అప్పటికే 42 మీద పోతుంటారు. అందుకోవాలంటే పరుగు అందుకోవాల్సిందే.

దీన్ని లెక్కలో పెడదాం. మీరూ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకోండి. 28 నుంచి 42కి ఎక్కడానికి సుమారు 3,000 జౌళ్ల శక్తి కావాలి. అది 5 సెకన్లలో పెట్టాలంటే వేగం పెంచడానికే 600 వాట్లు. గాలిని చీల్చడానికి పట్టేది కలిపితే 750 దాకా వెళ్తుంది, అంటే మీ ఎఫ్‌టీపీకి దాదాపు మూడు రెట్లు. ముందున్నవాడు 38 నుంచి 42కి ఎక్కడానికి 1,000 జౌళ్ల లోపే పెడతాడు. 5 సెకన్ల మీద అది 200 వాట్లు. ఎదురుగాలి తనే మోసుకున్నా మొత్తం 450 దగ్గర ఆగుతుంది.

ఇక మీ 215 సంగతి. కిలోమీటరు చుట్టులో నాలుగు మలుపులు, సగటు వేగం 39 అంటే ప్రతి 23 సెకన్లకు ఒక మలుపు. అందులో 5 సెకన్లు 750 వాట్లు, మిగతా 18 సెకన్లు బ్రేకులూ ఖాళీ పెడలింగూ కలిపి సగటున 65 వాట్లు అనుకుంటే, 23 సెకన్ల సగటు దాదాపు 215 వస్తుంది. మీ ఫైలులో ఉన్నది ఇదే. సగటు చూసి 'తేలిగ్గానే ఉంది' అనుకుంటున్నారు గానీ కాళ్లు తిన్నది 750ని, అదీ పదిహేను నిమిషాల్లో దాదాపు 40 సార్లు. పవర్ మీటర్ సాఫ్ట్‌వేర్లలో 'నార్మలైజ్డ్ పవర్' అని, హెచ్చుతగ్గుల భారాన్ని కూడా లెక్కలోకి తీసుకునే ఇంకో అంకె ఉంటుంది. క్రిటీరియం ఫైల్లో సగటు పక్కన పెట్టి దాన్ని చూడండి. ఈ రెండు అంకెల మధ్య ఎడం ఎంత పెరిగితే అంత ఎక్కువగా మలుపుల దగ్గర ఖర్చయిపోతున్నారని అర్థం.

40 నిమిషాల్లో 26 ల్యాపులు, అంటే 104 మలుపులు. ముందున్నవాడితో పోలిస్తే తోకలో ఉన్నవాడు వేగం పెంచడానికే సుమారు 210 కిలోజౌళ్లు అదనంగా పెడతాడు. వెనక గాలి చాటు ఎక్కువ కాబట్టి అందులో కొంత తిరిగొస్తుంది, పూర్తిగా మాత్రం రాదు. ఆ అదనం అంతా బ్రేకు ప్యాడ్లలో వేడిగా పోయిన మీ కష్టమే.

అందుచేత ఎఫ్‌టీపీని 270 నుంచి 285కి పెంచడానికి మూడు నెలలు పెట్టేముందు, మొదటి పదిహేను మందిలో ఉండడం నేర్చుకోండి. లాభం వెంటనే కనిపిస్తుంది. ఇంకో చిన్న మార్గం కూడా ఉంది. తోకలో ఇరుక్కుపోయిన రోజున, మలుపుకు ముందు మీ ఎదుటి చక్రానికి రెండు మూడు మీటర్ల ఎడం కావాలనే వదలండి. వాళ్లు బ్రేకులు పిండుతుంటే మీరు ఆ ఎడాన్ని వాడుకుంటూ బ్రేకు లేకుండా మలుపులోకి దొర్లి, బయటికొచ్చేసరికి వాళ్ల చక్రం దగ్గరే ఉంటారు. ఎడం ఐదారు మీటర్లయితే మాత్రం ఎవరో ఒకరు అందులో దూరతారు. మీ వెనక ఉన్నవాడు తిట్టుకుంటాడు కూడా, అతనికి ఈ సంగతి తెలియకపోతే.

ప్రశ్న: ముందు ఉండాలని అందరూ అంటారు. కష్టపడి పదో స్థానానికి వెళ్తాను, రెండు ల్యాపులు తిరిగేసరికి మళ్లీ ముప్పయ్యో స్థానం. నిలబెట్టుకోవడం ఎలా?

జవాబు: మీరేమీ చేయకపోయినా ప్రతి ల్యాపులో నలుగురైదుగురు మిమ్మల్ని దాటుతారు. వెనక ఉన్నవాళ్లందరి ఆలోచనా అదే కదా. ఉన్న చోట ఉండాలన్నా ల్యాపుకు అంతమందిని మీరు దాటుతూనే ఉండాలి.

ఎప్పుడు దాటాలన్నది ముఖ్యం. గుంపు ఒంటి వరుసగా సాగిపోయిందంటే ముందు ఎవరో గట్టిగా లాగుతున్నారు. అప్పుడు పదిమందిని దాటాలంటే 20 మీటర్లు పైకి వెళ్లాలి. వాళ్లు 42లో ఉంటే మీరు 46లో వెళ్లినా 18 సెకన్లు పడుతుంది, అదీ పూర్తిగా గాలిలో. గాలికి పెట్టే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 42లో ముందుండి లాగుతున్నవాడి కంటే మీరు 30 శాతం ఎక్కువ పెడుతుంటారు. అది బేరం కాదు. కదలకండి.

ముందువాళ్లు అలిసిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకునే సమయం ఒకటి వస్తుంది. ప్రీమ్ అయిపోయిన వెంటనే, గుంపును వదిలి ముందుకు పారిపోయినవాళ్లను పట్టుకున్న వెంటనే ఇది తప్పకుండా జరుగుతుంది. గుంపు రోడ్డంతా పరుచుకుంటుంది, పదిమంది మూడు నాలుగు వరుసల్లో సర్దుకుంటారు. ఇప్పుడు ఏడెనిమిది మీటర్లు కదిలితే చాలు. గాలి తగలని వైపు నుంచి, పైకి వెళ్తున్న ఇంకొకరి చక్రం పట్టుకుని వెళ్లండి. వేగం తగ్గింది కదా అని గుక్కెడు నీళ్లు తాగుతూ కూర్చునేవాళ్లే తర్వాతి ల్యాపులో తోకలో తేలతారు. నీళ్లు పొడవాటి తిన్నని దారిలో, గుంపు సాగి ఉన్నప్పుడు తాగండి.

మలుపుకు సరిగ్గా ముందు లోపలి వైపు నుంచి దూసుకెళ్లి నాలుగు స్థానాలు సంపాదించే పద్ధతి ఒకటి ఉంది. అది పనిచేస్తుంది, పనిచేస్తుంది కాబట్టే అందరికీ కోపం. లోపలి అంచు నుంచి వేగంగా వచ్చినవాడు మలుపు మధ్యలో బయటికి కొట్టుకుపోతాడు, అక్కడ అప్పటికే మనుషులుంటారు. చేయకండి.

ఎదుటి చక్రానికి ఎంత దగ్గరగా ఉండాలని కూడా ఇదే ఉత్తరంలో అడిగారు. అలవాటు పడేదాకా ఒక మీటరు, తర్వాత అర మీటరు. అంతకంటే ముఖ్యమైనది, మీ ముందు చక్రం ఎదుటివారి వెనక చక్రం పక్కకు చేరకుండా చూసుకోవడం. అతను పక్కకు జరిగితే మీ చక్రానికి తగులుతుంది. అతనికి ఏమీ కాదు, మీరు హ్యాండిల్ తిప్పలేక పడిపోతారు. చూపు ఎదుటి టైరు మీద కాకుండా అతని భుజం మీదుగా రెండు మూడు సైకిళ్ల అవతల ఉండాలి.

ప్రశ్న: మలుపులో పెడల్ నేలకు తగిలి ఒకసారి ఎగిరిపడబోయాను. 172.5 మి.మీ. క్రాంకు (పెడల్ బిగించే కడ్డీ) తీసేసి 170 వేస్తే ఈ బాధ తీరుతుందా?

జవాబు: తీరదు. 2.5 మి.మీ. తగ్గితే పెడల్ నేలకు తగిలే వంపు కోణం ఒక డిగ్రీ మాత్రమే మెరుగవుతుంది. మామూలు రోడ్డు సైకిల్లో లోపలి పెడల్ కిందికి ఉంటే, వంపు 30 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి ప్రమాదమే. గుంతో గడ్డో ఉంటే అంతకు ముందే తగులుతుంది.

మీరు ఎంత వంగుతున్నారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు, అది వేగం మీదా మలుపు వ్యాసార్థం మీదా ఆధారపడుతుంది. 20 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపును గంటకు 40 కి.మీ. వేగంతో తిరిగితే వంపు 32 డిగ్రీలు. అదే వేగంలో 25 మీటర్ల మలుపుకు 27 చాలు, 15 మీటర్లదానికి 40 కావాలి. అంటే ఒకే చుట్టులో ఒక మలుపును తొక్కుతూ తిరగొచ్చు, ఇంకోదాంట్లో తొక్కితే పడతారు. పందేనికి ముందు ల్యాపు తిరిగి చూసుకునే సమయం ఇస్తారు, అప్పుడే ఏ మలుపు ఏదో తేల్చుకోండి. నెమ్మదిగా తిరిగి 'ఇక్కడ తొక్కొచ్చు' అనుకుంటే మోసపోతారు. ఒక్క ల్యాపైనా పందెం వేగంతో తిరగాలి.

తొక్కకూడని మలుపులో లోపలి పెడల్ పైన, బయటి పెడల్ కింద ఉంచి, బరువంతా ఆ బయటి కాలి మీద మోపండి. చేతులు డ్రాప్స్‌లో, అంటే హ్యాండిల్ కింది వంపుల్లో, వేళ్లు బ్రేకు మీటల మీద, మోచేతులు వదులుగా. బ్రేకు పని మలుపు మొదలవకముందే అయిపోవాలి. వంగి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కితే, పక్కకు జారకుండా పట్టుకోవాల్సిన టైరు పట్టును ఆపడానికి ఖర్చుపెడుతున్నారన్నమాట.

ఒంటరిగా ఉంటే బయటి అంచు నుంచి లోపలికి కోసి మళ్లీ బయటికి వెళ్లడం సరైన దారి. గుంపులో అది కుదరదు. లోపలి అంచు నుంచి రెండు మీటర్ల దూరంలో మలుపులోకి దిగితే రెండు మీటర్ల దూరంలోనే బయటికి రావాలి. చాలామంది మొదటి పందెంలో పక్కవాళ్లతో అరిపించుకునేది ఇక్కడే.

వాన పడితే వేగం 40 నుంచి 30కి దించండి, అదే 20 మీటర్ల మలుపులో వంపు 32 నుంచి 20 డిగ్రీలకు తగ్గుతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే పట్టు ఉండదు. వాటిని దాటక తప్పకపోతే సైకిల్ని నిటారుగా నిలిపి దాటండి, వాటి మీద తిప్పొద్దు.

ప్రశ్న: టైర్లలో ఎంత గాలి కొట్టాలి? గట్టిగా ఉంటే వేగం ఎక్కువని 120 పీఎస్‌ఐ కొడుతున్నాను.

జవాబు: నున్నటి ట్రాకు మీద తప్ప ఆ నమ్మకం నిలవదు. మామూలు రోడ్డు మీద మరీ గట్టి టైరు ప్రతి చిన్న గరుకుకూ ఎగురుతుంది. ఎగిరినంతసేపు పట్టు లేదు, ఎగరడానికి పట్టే శక్తీ మీదే. 70 నుంచి 75 కిలోల మనిషికి, ట్యూబు వేసిన 25 మి.మీ. టైరైతే ముందు 85, వెనక 90 దగ్గర మొదలుపెట్టండి. 28 మి.మీ. ట్యూబ్‌లెస్ అయితే ముందు 65, వెనక 70 చాలు. మీ బరువు 60 అయితే ఇంకో ఏడెనిమిది తగ్గించండి. వాన రోజున మరో ఐదు తీసేయండి.

రిమ్ముకు కొక్కెం అంచు లేని రకం, అంటే హుక్‌లెస్ అయితే 5 బార్లు, సుమారు 72 పీఎస్‌ఐ, దాటకూడదు. రిమ్ము మీదా టైరు మీదా వేరే హద్దులు ముద్రించి ఉంటే వాటిలో ఏది తక్కువైతే అదే లెక్క. హద్దు దాటితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది.

చాలామంది మరిచిపోయేది ఎండ. నీడలో కొట్టిన గాలి, ఎండలో టైరు 20 డిగ్రీలు వేడెక్కితే ఐదారు పీఎస్‌ఐ పెరుగుతుంది. కాబట్టి చివరి కొలత మొదలయ్యే గీత దగ్గరికి వెళ్లేముందు తీసుకోండి. పంపు మీటర్లు ఒకదానికొకటి కలవవు, ఎప్పుడూ ఒకే మీటరుతో కొలవండి. అంకె అబద్ధం చెప్పినా రోజూ ఒకే అబద్ధం చెబుతుంది.

ప్రశ్న: మలుపు దాటాక గేరు బరువైపోతోంది. మార్చబోతే చెయిన్ కటకటలాడుతుంది. ఏ గేరులో దిగాలి?

జవాబు: దిగేముందే మార్చేయాలి. ముందు 52 పళ్లు, వెనక 14 మీద 45 కి.మీ. వేగంతో వస్తుంటే మీ కాళ్లు నిమిషానికి 96 సార్లు తిరుగుతుంటాయి. మలుపులో వేగం 32కి పడిందనుకోండి. అదే 14 మీద ఉంటే బయటికొచ్చేటప్పుడు 68 మాత్రమే తిరుగుతాయి. అంత బరువు మీద లేచి తొక్కాలి, మోకాళ్ల మీదా భారం. ముందే 17కి మార్చి ఉంటే 83 దగ్గర మొదలై చకచకా ఎక్కుతారు. తొక్కడం ఆపేముందు, కాళ్ల మీద ఒత్తిడి తగ్గించి, రెండు మూడు మెట్లు దించండి. చెయిన్ కటకటలాడేది మీరు పూర్తి బలంతో తొక్కుతూ మార్చడం వల్ల. అప్పటికీ ఆగకపోతే కేబుల్ బిగువు చూడాలి. ముందు చెయిన్‌రింగు జోలికి పందెం మొత్తంలో వెళ్లొద్దు. చుట్టులో గట్టి ఎత్తు లేనంతవరకు చిన్నదానితో పనిలేదు.

ప్రశ్న: మా అబ్బాయి వచ్చే నెల మొదటి క్రిటీరియం తొక్కుతున్నాడు. సైకిలు గురించి నాకు పెద్దగా తెలియదు. ముందురోజు నేను చూడగలిగినవి చెప్పండి.

జవాబు: ముందురోజు కాకుండా మూడు రోజుల ముందు చూడండి, ఏదైనా పాడైతే బాగుచేయించే వ్యవధి ఉంటుంది. హ్యాండిల్ కొసల్లో బిరడాలు ఉన్నాయా? లేకపోతే తనిఖీలో వెనక్కి పంపుతారు, పంపాలి కూడా. బిరడా లేని గొట్టం పడినప్పుడు ఒంట్లో దిగుతుంది. టైర్లను వేలితో నిమురుతూ ఒక చుట్టు తిప్పి, గుచ్చుకున్న గాజు పెంకులూ కోతలూ వెతకండి. పక్క గోడలో దారాలు కనిపిస్తే ఆ టైరు మార్చాలి. చెయిన్ అరుగుదల కొలిచే పరికరం ఏ సైకిల్ మెకానిక్ దగ్గరైనా ఉంటుంది. 11, 12 స్పీడ్ చెయిన్ 0.5 శాతం సాగితే కొత్తది వేయించండి. అయితే పందేనికి ముందురోజు మాత్రం వద్దు. పాత పళ్ల మీద కొత్త చెయిన్ జారితే మొదటి మలుపు దగ్గరే తెలుస్తుంది.

స్టెమ్ (హ్యాండిల్ని పట్టి ఉంచే భాగం) బోల్టులు మామూలుగా 5 న్యూటన్ మీటర్లు, సరైన అంకె దాని మీదే ముద్రించి ఉంటుంది. ముందు చక్రాన్ని మీ మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ని మెలిపెట్టి చూడండి, కదలకూడదు. ముందు బ్రేకు నొక్కి సైకిల్ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటక శబ్దం వస్తే హెడ్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు, వదులు. బూట్ల కింద క్లీట్ (పెడల్‌కు తగిలించే ముక్క) మరలు కూడా బిగించి చూడండి. వాటిని ఎవరూ పట్టించుకోరు, అవేమో స్ప్రింట్‌లో ఊడతాయి. ట్రయథ్లాన్ హ్యాండిళ్లు ఉంటే తీసేయాలి, గుంపు పందేల్లో వాటికి అనుమతి ఉండదు.

నంబరు గుడ్డను నాలుగు మూలలా కాకుండా ఆరు లేక ఎనిమిది పిన్నులతో బిగించండి, లేకపోతే తెరచాపలా గాలి పట్టుకుంటుంది. ఏ వైపు పెట్టాలో నిర్వాహకులు చెబుతారు, కెమెరా ఉన్న వైపే పెట్టమంటారు. బాబు ఒంటి మీద జెర్సీ వేశాక, ముందుకు వంగి సైకిలు మీద కూర్చున్న భంగిమలో ఉండగా పిన్నులు పెట్టండి. నిలబడి ఉన్నప్పుడు పెడితే వంగినప్పుడు ఉబ్బుతుంది.

ప్రశ్న: వారానికి ఐదు రోజులు తొక్కుతాను. క్రిటీరియం కోసం ప్రత్యేకంగా ఏ సాధన చేయాలి? పందెం ముందు ఎంతసేపు ఒళ్లు వేడెక్కించాలి?

జవాబు: ఐదింటిలో రెండే గట్టి రోజులు. మిగతా మూడు మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో.

మొదటి గట్టి రోజున 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు సగం బలంతో. ఇలా 13 సార్లు ఒక సెట్టు. దాదాపు 10 నిమిషాలు పడుతుంది. మూడు నిమిషాలు తేలిగ్గా తొక్కి మళ్లీ, మొత్తం మూడు సెట్లు. '30 సెకన్లు గట్టిగా' అంటే ప్రాణం పెట్టి కాదు, మూడో సెట్టు చివరిదాకా అదే వాట్లు నిలపగలిగినంత. మొదటి సెట్టులోనే వాట్లు జారిపోతుంటే ఎక్కువతో మొదలుపెట్టారన్నమాట.

రెండో రోజు మలుపుల కోసం. వాహనాలు రాని చోట 28 వేగంతో దొర్లుతూ, కూర్చునే 10 సెకన్లు ఎగబడి తొక్కి, 20 సెకన్లు ఊరుకోవాలి. ఇరవై సార్లు ఒక సెట్టు, మధ్య ఐదు నిమిషాల విరామంతో మూడు సెట్లు. ప్రతిసారీ లేచి నిలబడకండి. లేస్తే వెడల్పు పెరిగి గాలి తగులుతుంది, లేచే క్షణంలో సైకిలు అరచెయ్యంత వెనక్కి వస్తుంది కాబట్టి వెనక ఉన్నవాడి చక్రానికి తగలొచ్చు.

పందెం రోజున 20 నుంచి 25 నిమిషాలు వేడెక్కించాలి. పందెం ఎంత చిన్నదైతే ఇది అంత ముఖ్యం, ఎందుకంటే మొదటి ల్యాపు నుంచే పూర్తి వేగం. పది నిమిషాలు తేలిగ్గా, ఐదు నిమిషాలు మెల్లగా పెంచుతూ, ఎఫ్‌టీపీ దగ్గర రెండు నిమిషాలు, 15 సెకన్ల దూకుళ్లు మూడు, ఆపై నిదానంగా. గీత దగ్గరికి పదిహేను నిమిషాల ముందే చేరి మొదటి రెండు వరుసల్లో నిలబడండి. వేడి కాస్త చల్లారినా ఫరవాలేదు, యాభయ్యో మనిషిగా బయల్దేరడం కంటే నయం. వెనక 19 లేక 21 పళ్ల మీద పెట్టుకుని, ఒక కాలు ముందే పెడల్‌కు తగిలించి ఉంచండి. రెండో కాలు తగిలించడం కళ్లు కిందికి దించకుండా వచ్చేదాకా ఇంటి దగ్గర అభ్యాసం చేయండి.

తిండి సంగతి తేలికే. రెండు మూడు గంటల ముందు కిలో బరువుకు ఒకటి రెండు గ్రాముల పిండిపదార్థం వచ్చేలా, అలవాటైన భోజనం. గంట లోపు పందేనికి అరలీటరు నీళ్ల సీసా ఒకటి చాలు, రెండోది బరువే.

ప్రశ్న: మధ్యలో పంక్చరైతే పందెం అయిపోయినట్టేనా?

జవాబు: చాలాచోట్ల కాదు. పంక్చరు, పడిపోవడం, భాగం విరగడం వంటి వాటికి 'ఫ్రీ ల్యాప్' ఇస్తారు. పిట్ (విడి చక్రాలు ఉంచే చోటు) దగ్గరికి వెళ్లి రిఫరీకి చూపించాలి. ఒప్పుకుంటే చక్రం మార్చుకుని, మీరు అంతకుముందున్న గుంపు మళ్లీ వచ్చినప్పుడు దాని తోకలో కలవాలి. చెయిన్ ఊడటం, బోల్టు వదులవడం మీ నిర్లక్ష్యం కింద లెక్కించి ఒప్పుకోకపోవచ్చు. చివరి కొన్ని ల్యాపుల్లో ఈ సౌకర్యం ఉండదు. ఎక్కడ ఆగుతుందో మొదలయ్యేముందు చెబుతారు, ఆ మాట వినండి. విడి చక్రాలు పిట్‌లో పెట్టుకోవాల్సింది మీరే. బ్రేకు డిస్కు కొలత, వెనక పళ్ల సంఖ్య సరిపోవాలి. 11 స్పీడ్ సైకిలుకు 12 స్పీడ్ చక్రం వేస్తే గేర్లు పలకవు.

ప్రశ్న: చివరిదాకా గుంపులో ఉంటాను, స్ప్రింట్‌లో పదిహేనో ఇరవయ్యో వస్తాను. ఆఖర్న కాళ్లలో బలం మిగిలే ఉంటోంది. ఎక్కడ పొరపాటు?

జవాబు: చివరి మలుపు నుంచి గీత దాకా ఎన్ని మీటర్లో ముందు కొలవండి, ఆ అంకె మీదే అంతా ఉంది. 150 మీటర్లనుకోండి. 54 వేగంలో అది 10 సెకన్లు. ఐదో స్థానం వెనక బయటికొచ్చి ఐదుగురిని దాటాలంటే 10 మీటర్లు గెలవాలి. అంటే ఆ పది సెకన్లూ వాళ్లకంటే మూడున్నర కిలోమీటర్ల వేగం ఎక్కువుండాలి, అదీ గాలిలో పక్కనుంచి. మీతో సమానమైనవాళ్ల మీద అది జరగదు. అలాంటి చుట్టులో పందెం చివరి మలుపులోకి దిగేటప్పుడే తేలిపోతుంది, గెలిచేది మొదటి ముగ్గురిలోనే ఒకరు. బలం మిగిలిందంటున్నారు కదా, దాన్ని ఖర్చుపెట్టాల్సింది గీత ముందు కాదు. ఆఖరి ల్యాపు వెనక భాగంలో, చివరి మలుపుకు ముందున్న తిన్నని దారిలో.

మలుపు తర్వాత 400 మీటర్లుంటే కథ వేరు. 27 సెకన్లు గాలిలో ఎవరూ పూర్తి స్ప్రింట్ తొక్కలేరు. మొదట బయటికొచ్చినవాడు మీకు గాలి కాసేవాడు మాత్రమే. నాలుగు నుంచి ఆరో స్థానం మంచిది, 200 మీటర్ల దగ్గర కదలండి. ఎదురుగాలి ఉంటే 150 దాకా ఆగండి, వెనక నుంచి గాలి ఉంటే 250 దగ్గరే బయల్దేరండి. 52 ముందు, 14 వెనక మీద మొదలుపెట్టి 54 దగ్గరికి చేరేసరికి 13కి వేయండి, కాళ్లు నిమిషానికి 107 సార్లు తిరుగుతాయి. 11 మీద మొదలుపెట్టేవాళ్లు గేరు కదిలించేలోపే ఇద్దరు దాటేస్తారు.

బోర్డు మీద ఐదు ల్యాపులు కనిపించినప్పుడే మొదటి పదిమందిలో ఉండాలి. ఆఖరి ల్యాపు గంట విన్నాక అందరూ ఒకేసారి మేలుకుంటారు, అప్పటికి దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: టూర్ ద ఫ్రాన్స్ ముగిశాక జరిగే క్రిటీరియంలలో ఫలితం ముందే తేల్చుకుంటారంటారు. నిజమేనా?

జవాబు: నెదర్లాండ్స్, బెల్జియంలలో టూర్ ముగిసిన వారాల్లో జరిగే ప్రదర్శన పందేల సంగతి అది. అక్కడ టూర్‌లో పేరొచ్చినవాళ్లు ముందు రావడం అందరికీ తెలిసిన ఆనవాయితీ. జనం వచ్చేది వాళ్లను దగ్గరగా చూడడానికి. ఔత్సాహికుల క్రిటీరియంకీ దానికీ పోలిక లేదు.

ప్రశ్న: పోయినసారి పందెంలో పడ్డాను. తుంటి మీదా మోచేతి మీదా చర్మం లేచిపోయింది. ఎలా మాన్పుకోవాలి? సైకిలు బయటికి బాగానే కనిపిస్తోంది, తొక్కొచ్చా?

జవాబు: ముందు తల సంగతి. హెల్మెట్ నేలకు తగిలిందా? తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, పడిన క్షణం గుర్తులేకపోవడం, వెలుతురు భరించలేకపోవడంలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజు మళ్లీ సైకిలెక్కకూడదు, డాక్టరుకు చూపించాలి. భుజం దగ్గర ఎముక ఉబ్బెత్తుగా కనిపించినా, చెయ్యి ఎత్తలేకపోయినా కాలర్‌బోన్ విరిగిందేమోనని ఎక్స్‌రే తీయించాలి.

గాయాన్ని అదే రోజు ధారగా పోసిన శుభ్రమైన నీళ్లతో, తేలికపాటి సబ్బుతో కడగండి. ఇసుక రేణువులు మెత్తటి గుడ్డతో తుడిచి తీసేయాలి, ఉంటే చర్మం కింద నల్లటి మచ్చగా మిగిలిపోతాయి. నొప్పిగానే ఉంటుంది, తప్పదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు, అవి కొత్తగా పెరిగే కణాలను కూడా చంపుతాయి. గాయాన్ని ఎండబెట్టి పక్కు కట్టనివ్వడం కంటే తేమ నిలిపే హైడ్రోకొలాయిడ్ పట్టీ వేస్తే త్వరగా మానుతుంది, బట్టలకు అంటుకోదు. చుట్టూ ఎరుపు పాకుతున్నా, చీము కనిపించినా, జ్వరం వచ్చినా పట్టీ తీసి డాక్టరు దగ్గరికి. మట్టి పట్టిన గాయం కాబట్టి, చివరి టెటనస్ సూది వేయించుకుని ఐదేళ్లు దాటి ఉంటే ఆ సంగతీ చెప్పండి.

ఇక సైకిలు. కుడివైపు పడ్డారా? అయితే వెనక డిరెయిలర్ (గేర్లు మార్చే భాగం) వేలాడే హ్యాంగర్ వంగి ఉండొచ్చు. వెనక నుంచి చూస్తే పై పుల్లీ, కింది పుల్లీ, పళ్ల చక్రం ఒకే తలంలో ఉండాలి. కింది పుల్లీ చక్రం వైపు మొగ్గి ఉంటే వంగినట్టే. ఆ స్థితిలో అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రానికి గేరు మార్చారంటే డిరెయిలర్ చువ్వల్లోకి దూరి, డిరెయిలర్, చక్రం, ఒక్కోసారి ఫ్రేమూ కలిసే పోతాయి. స్టాండు మీద పెట్టి, చేత్తో పెడల్ తిప్పుతూ, ఒక్కో మెట్టు ఎక్కించి చూడండి. హ్యాంగర్ విడిగా దొరికే భాగం, మీ ఫ్రేముకు సరిపోయేది ఒకటి ఎప్పుడూ సంచిలో ఉంచుకోవచ్చు.

కార్బన్ ఫోర్కు, హ్యాండిల్ ఉంటే టేపు విప్పి బ్రేకు మీటలు బిగించిన చోట పగుళ్లు చూడండి. పడినప్పుడు మీట లోపలికి తిరిగి అక్కడే కోస్తుంది. నాణెంతో మెల్లగా తడుతూ పోతే బాగున్న చోట గట్టి శబ్దం, పొరలు విడిపోయిన చోట బొంగురు శబ్దం వస్తుంది. అనుమానం ఉంటే ఆ భాగం మార్చేయండి. హెల్మెట్ నేలకు తగిలి ఉంటే మాత్రం అనుమానం లేకపోయినా మార్చాలి. లోపలి నురుగు ఒక్క దెబ్బకే నలిగేలా తయారైంది, నలిగిందో లేదో పై పెంకు చూసి చెప్పలేం.